గుట్ట ఎక్కడికి పోద్ది

"ఏమే, గుట్ట?" అని ఆయన ముందు గదిలోంచి అడిగేసరికి నేను కందిపప్పు ఎసట్లో పోస్తున్నాను.

పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, చేతులు కొంగుకు తుడుచుకుని, పెరటి గోడకు ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కి డాబా మీదికి వెళ్లాను. తూర్పున వరిచేల అవతల గుట్ట కనిపించింది. గుట్ట నెత్తిన ఉన్న ఇప్పచెట్టు కూడా కనిపించింది. దిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, "చెట్టుతో సహా కనిపిస్తందండీ" అన్నాను. ఆయన చెవులకు తగిలించుకున్న గొట్టాలు సర్దుకుని మైకులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పారు. కాసేపటికి విమానం మా ఇంటి మీంచి దిగింది. అలమరలో గిన్నెలు అదిరాయి. పాలలో పైకప్పు సున్నం రాలింది. మా అత్త అప్పలనరసమ్మ, "పాల మీద మూతెట్టుకోవాలని కూడా నాను సెప్పాలా" అంది. అంతటితో ఆ పూట విమానం పని అయిపోయింది. పప్పు కొంచెం అడుగంటింది. ఆయన భోజనం చేస్తూ ఆ సంగతి చెప్పారు.

రాయపూర్ ఊరికి దూరంగా, యుద్ధం రోజుల్లో సైన్యం కోసం చదును చేసి వదిలేసిన మైదానం అది. స్వరాజ్యం వచ్చాక ఒక చిన్న విమానాల కంపెనీ దాన్ని తీసుకుంది. నాగపూర్ నుంచి వారంలో కొన్నిసార్లు టపా మూటలనూ, కొద్దిమంది మనుషులనూ తెచ్చి దింపేది. రైల్వేలో తంతి గుమాస్తాగా ఉన్న మా ఆయన మల్లేశ్వరరావు, జీతం ఎక్కువని ఆ ఉద్యోగం వదిలి ఇందులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరారు. కంపెనీ ఇచ్చిన ఇంట్లో ముందు గది ఆఫీసు, వెనక రెండు గదులు మావి. ఆఫీసుకీ వంటింటికీ మధ్య ఒక తలుపు. ఆ తలుపుకి ఇటువైపు జీతం లేదు.

గుట్ట చూసే పని నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి కనక తూర్పు నుంచి, గుట్ట మీదుగా రావాలి. విమానం దగ్గరపడే వేళకి ఆయన గొట్టాలు తీసి లేవడానికి వీల్లేదు. మొదట్లో లేచి వెళ్లి చూసేవారు. ఒకసారి ఆయన డాబా మీద ఉండగా విమానం నడిపే పైవాడు పిలిచి పిలిచి విసుక్కున్నాడట. ఆ మర్నాటి నుంచి "ఏమే, గుట్ట?" మొదలైంది. అది ఒక పని అని ఆయన అనలేదు, నేనూ అనుకోలేదు. మంచినీళ్లు అడిగినట్టే అడిగేవారు. మంచినీళ్లు ఇచ్చినట్టే నేను చెప్పేదాన్ని.

దాని అవసరం ఏమిటో నాకు తెలిసింది కూడా నాకు చెప్పగా కాదు. మా ఆడపడుచు రమణమ్మ మొగుడు సూర్యారావు ఒక ఆదివారం రైల్వే కాలనీ నుంచి వచ్చాడు. బావకి వైర్‌లెస్ చూపిస్తూ మా ఆయన చెప్పారు.

"విమానంలో ఎత్తు చూపించే ముల్లొకటి ఉంటాది బావా. ఇక్కడ గాలి బరువెంతుందో మనం చెప్తాం. దాన్నిబట్టి వాడు ముల్లు తిప్పుకుంటాడు. ఇక్కడ చక్రాలు ఆనీసరికి ముల్లు సున్నా మీదుంటాది."

"మరి మజ్జిలో మీ గుట్టొస్తేనో?"

"అదే మరి. ముల్లు లెక్కంతా ఈ మైదానం నుంచే. గుట్ట సంగతి దానికి తెలీదు. మబ్బులో వాడికీ కనబడదు. కిందనుంచి మనవే చెప్పాల. గుట్ట నెత్తి కనిపిస్తే రమ్మంటాం, లేకపోతే తిరిగి నాగపూర్ పొమ్మంటాం."

"అయితే నాగపూర్ సేట్‌జీల పీకలన్నీ నీ చేతిలో ఉన్నాయన్నమాట," అని సూర్యారావు నవ్వాడు. "బఢియా నౌకరీ కొట్టేసావురా."

మనవే అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నేను వాళ్లకి పకోడీలు పెడుతున్నాను. ఉల్లిపాయ సరిగ్గా వేగలేదని ఇద్దరూ అన్నారు.

ఆ తర్వాత నిచ్చెన ఎక్కినప్పుడు ఇంకొంచెం సేపు నిలబడేదాన్ని. చెట్టు, చెట్టు కింద బోడి రాళ్లు, రాళ్ల కింద పొదలు. ఏది మబ్బులో ఉందో, ఏది బయట ఉందో చెప్పేదాన్ని. ఇది గొప్ప విద్య అని నేను అనడం లేదు. కళ్లున్న ఎవరైనా చూడొచ్చు. అయితే ఆ ఇంట్లో నేను చెప్పిన మాటల్లో, ఎవరూ మార్చకుండా, ఎవరూ నవ్వకుండా, అన్నది అన్నట్టుగా బయటికి వెళ్లే మాట అదొక్కటే. తలుపు అవతల ఆయన గొంతులో, ఇంగ్లీషులో వెళ్లేది. అయినా అది నా మాటేనని నాకు తెలుసు. విమానం దిగుతుంటే డాబా మీదినుంచి చూసి, ఆ మనిషి నేను చెప్పగా వస్తున్నాడు అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు. చెబితే అత్త, కూర మాడిపోడానికి ఇదన్నమాట కారణం అనేది.

ఆ శ్రావణంలో ముసురు పట్టుకుంది. నేను కనిపించలేదని చెప్పగా ఒక విమానం పైనుంచే తిరిగి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత ఇంకొకటి వెళ్లిపోయింది. నాగపూర్ నుంచి ఆయనకి మాట వచ్చింది. ఆ రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి, "ఇంకా ఎన్నాళ్లు మబ్బులో కూచుంటాదంట నీ గుట్ట?" అన్నారు.

గుట్ట కనిపించిన రోజుల్లో ఆ కబురు ఆయనది. కనిపించని రోజు గుట్ట నాది.

"నేనేటి చేస్తానండీ. కనబడలేదు," అన్నాను.

"సరిగ్గా చూడాల. తెల్లగా ఏటి కనిపించినా మబ్బే అనుకుంటే ఎలా? ఊరికే చమురు తగలేస్తన్నామని కంపెనీవోళ్లు అడుగుతన్నారు. వోళ్లకి నేనేటి చెప్పాలి, మా ఆడది లేదందని చెప్పాలా?"

అత్త మజ్జిగ పోస్తూ, "దానికి ఏది కనబడతాది కనక. పెళ్లయి ఇన్నేళ్లయింది, నా కంటికి మనవడు కనబడ్డాడా," అంది. అత్త ఏ మాటనైనా అక్కడికి తీసుకురాగలదు. ఆయన మజ్జిగ తాగి లేచిపోయారు. ఆ మాట వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ లేచిపోతారు.

ఆ వారమే నేను బయట చేరాను. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పెరట్లో కట్టెల పాక నా చోటు. చాప, చెంబు, విడి కంచం. వంట అత్త చేస్తుంది, గిన్నెల చప్పుడంతా నాకు వినపడేలా. ఆయనతో ఏదైనా చెప్పాలంటే అత్తతో చెప్పాలి. ఆమె వంటింట్లోంచి అందిస్తుంది. మూడు రోజులు కూర్చుని తినడం నీకు విశ్రాంతే కదా అని ఆయన ఒకసారి అన్నారు. ఆ పాకలో వాన కురిసేది.

రెండో రోజు పొద్దున విమానం వచ్చే వేళయింది. అలవాటుగా ముందు గదిలోంచి పిలుపు వచ్చింది.

"ఏమే, గుట్ట?"

అలవాటుగానే లేచి నిచ్చెన మీద చెయ్యి వేయబోయాను.

"ముట్టుకోకు," అంది అత్త వంటింటి గుమ్మంలోంచి. "ఆ డాబా కిందే దేవుడి పీటుంది. మైలదానివి దేవుడి నెత్తి మీద నడుస్తావేటి?"

"గుట్ట చూడాలి అత్తా."

"కిందనుంచే సూడు. గుట్ట కాదా, సీమా దోమానా కనబడకపోడానికి."

పెరటి దడికి అడ్డం పెట్టిన కంప పక్కకి జరిపి చేను గట్టు మీదికి వెళ్లాను. మబ్బులేని రోజున అక్కడినుంచి కూడా గుట్ట కనిపిస్తుంది. సన్నగా జల్లు పడుతోంది. రెండు మళ్ల అవతల గట్టు మీద ఒక మనిషి గొడుగు వేసుకుని వెళ్తున్నాడు. ఆ మనిషి వెనక ఏమీ లేదు. తెల్లగా ఉంది. నేను తల అటూ ఇటూ తిప్పి, మా ఇంటి మూల ఆనవాలు పెట్టుకుని, ఇటువైపే కదా అని చూశాను. గుట్ట ఉండాల్సిన చోట ఆకాశం చేలదాకా దిగి ఉంది.

తిరిగొచ్చి పాక దగ్గర నిలబడి చెప్పాను. "కనిపించలేదత్తా. చెట్టే కాదు, గుట్టే లేదు."

అత్త లోపలికి తిరిగి, "లేదంటందిరా," అంది.

"డాబా ఎక్కి చూసిందా?"

"ఎలాగెక్కుతాది? బయటుంది కదా. సేలోంచి సూసింది."

"చేలోంచి చూస్తే ఏటి కనిపిస్తాది," అన్నారు ఆయన. వైర్‌లెస్ పెట్టె గరగరమంది. తర్వాత ఆయన, అత్తతోనో తనతోనో, "గుట్ట ఎక్కడికి పోద్ది? తెల్లారగట్ల చెంబు పట్టుకెళ్లినప్పుడు చూసాను నేను, ఉంది," అన్నారు. ఆ వెంటనే మైకులో మాట్లాడారు.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ రోజూ విన్న నాలుగు ముక్కలు వచ్చు. కనిపించిన రోజు ఆయన చివరి ముక్క ఒకలా ఉంటుంది, లేని రోజు ఒకలా ఉంటుంది. ఇది ఉన్న రోజు ముక్క.

"అదేటండీ, లేదన్నాను కదా," అన్నాను పాకలోంచి.

"బయటున్నదానివి, గొంతు లేపకు," అంది అత్త.

ఆయనకు వినిపించి ఉండదు. పాక దూరం, పైగా చెవులకు గొట్టాలు. నేను పెరడు దాటి వంటింట్లో అడుగు పెట్టాను. అత్త నన్ను ఆపలేదు, తాకితే ఆమె కూడా స్నానం చేయాలి కనక. పక్కకు తప్పుకుని, కుండలో నీళ్లు పోయాయి, పొయ్యి మీద అన్నం పోయింది, దేవుడి పీట పోయింది అని గోల మొదలుపెట్టింది. ఆ గోలలోనే విమానం చప్పుడు వినిపించింది. ఎప్పుడూ వచ్చే చప్పుడు కన్నా కిందినుంచి వచ్చింది. ఉన్నట్టుండి ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి, తర్వాత పెద్ద కొమ్మ విరిచినట్టు ఒక శబ్దం. నేను పెరట్లోకి పరిగెత్తేసరికి విమానం మా ఇంటి పక్కనుంచి, ఒక రెక్క వాలిపోయి, చక్రానికి పచ్చని ఇప్పకొమ్మతో వచ్చింది. నేల తాకగానే ఆ చక్రం విరిగింది. మైదానం మీద అడ్డంగా జారి బురదలో రెక్క గుచ్చుకుని ఆగింది.

ఎవరూ చచ్చిపోలేదు. విమానం నడిపే మనిషికి చెయ్యి విరిగింది. దిగినవాళ్లలో ఒకాయన గట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. మా ఆయన అటు పరిగెత్తారు. అత్త మాత్రం కుండలో నీళ్లన్నీ పారబోసి, వంటిల్లు పసుపు నీళ్లతో కడిగి, తల మీంచి స్నానం చేసింది.

విచారణకి నాగపూర్ నుంచి దేశ్‌పాండే అనే పెద్దాయన వచ్చాడు. ముందు గదిలో కూర్చుని మా ఆయనను హిందీలో అడుగుతున్నాడు. నేను తలుపు ఇవతల టీ గ్లాసులు కడుగుతున్నాను. గుట్ట కనిపిస్తోందని కిందనుంచి చెబితేనే దిగానని చెయ్యి విరిగిన మనిషి చెప్పాడట. మీరు కళ్లతో చూసే చెప్పారా అని దేశ్‌పాండే అడిగాడు.

"నేను వైర్‌లెస్ సెట్టు దగ్గర్నుంచి లేవకూడదు కదా సాహబ్. గుట్ట చూసేది మా ఇంటావిడ. కనిపిస్తందని చెప్పింది. నేను అదే చెప్పాను."

దేశ్‌పాండే రాస్తున్న కలం ఆపాడు. "ఆప్‌కీ బీవీ?" అన్నాడు. తర్వాత నన్ను పిలవమన్నాడు.

నేను చేతులు తుడుచుకుని వెళ్లాను. ఏడాది పైగా ఆ గదిని ఊడ్చాను గాని, పిలిస్తే వెళ్లడం అదే మొదటిసారి. ఆయన నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. మా ఆయన గోడ వైపు చూస్తూ, దేశ్‌పాండేకి తెలియని తెలుగులో, నిమ్మళంగా అన్నారు.

"కనిపించిందని చెప్పీ. పొరపాటు పడ్డానని చెప్పీ. ఆడదానివి, నిన్నేటి చేస్తారు? నాకైతే ఉద్యోగం పోద్ది. మళ్లీ బావ కొంపకి పోవాల."

ఆడదానివి, నిన్నేటి చేస్తారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి రైల్వే ఆసుపత్రి వరండాలో విన్నాను. పిల్లలు కలగలేదని ఇద్దరినీ పరీక్ష చేసిన బెంగాలీ డాక్టరమ్మ, నాలో లోపమేమీ లేదని, లోపం ఆయనలో ఉందని మా ఇద్దరి ముందే చెప్పింది. బయటికి వచ్చాక ఆయన బల్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అమ్మకి నీదేనని చెబుదాం, నాదని తెలిస్తే కాలనీలో తలెత్తుకు తిరగలేను, ఆడదానివి నిన్నేటి చేస్తారు అన్నారు. ఆయన ముఖం చూసి సరే అన్నాను. నాకప్పుడు నిజంగానే ఏం చేస్తారో తెలియదు. తర్వాత తెలిసింది. ఈ ఉద్యోగానికి ముందు రైల్వే కాలనీలో సూర్యారావు ఇంట్లో ఉన్న రోజుల్లో రమణమ్మ సీమంతానికి నన్ను వంటింట్లో ఉంచి తలుపు దగ్గరగా వేశారు. నేను వండిన పులిహోర అందరికీ పెట్టారు, పసుపు రాయడానికి నన్ను పిలవలేదు. ఆ బిడ్డని ఉయ్యాల్లో వేసిన రోజు పొద్దున్నే నాకు బజారు పని చెప్పారు. కుళాయి దగ్గర పైడమ్మ అనే ఆవిడ తన పసిదాన్ని ఎత్తుకుని నేను రాగానే అటు తిరిగి నిలబడేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది, బిడ్డని ఇంట్లో వదిలి. అత్త ఎన్ని మొక్కులు మొక్కించిందో, ఎన్ని పసర్లు తాగించిందో. తాగి వాంతి చేసుకుంటుంటే ఆయన వచ్చి వీపు నిమిరేవారు. అంత దయ ఉంది. పసరు వద్దని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఏమీ చేయరని ఆయన అనుకున్నదంతా నాకు చేశారు. బావ కొంప అంటే ఏమిటో నాకు ఆయన కన్నా బాగా తెలుసు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో గిన్నెలు జరిపి పడక వేసుకోవాలి. నిజం చెబితే అక్కడికి వెళ్లాలి. లేదని చెప్పిన గుట్టని ఉందన్నానంటే ఇక్కడే ఉండొచ్చు. రేపు మళ్లీ "ఏమే, గుట్ట?" అంటే నిచ్చెన ఎక్కొచ్చు. ఎక్కి ఏం చూడను? చూసింది చూశానని చెప్పలేనిదాన్ని డాబా మీదికి పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే.

"బాయీ," అన్నాడు దేశ్‌పాండే. "ఆ రోజు పహాడీ కనిపించిందా?"

"నహీ దిఖా సాహబ్," అన్నాను. నా హిందీ కూరల వాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ. "మైనే బోలా, నహీ దిఖా."

మా ఆయన గోడ వైపు చూడడం మానలేదు.

"డాబా మీంచి చూశారా?"

"చేలోంచి."

"డాబా ఎందుకు ఎక్కలేదు?"

ఇద్దరు మగవాళ్ల ముందు ఆ మాట చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు విడిగా కూర్చున్నానని చెప్పాను. దేశ్‌పాండే బల్ల వైపు చూసి తల ఊపాడు. ఆయన ఇంట్లోనూ ఆ ఆచారం ఉండే ఉంటుంది. ఎవరితో చెప్పారని అడిగాడు. అత్తతో అన్నాను. అత్తను పిలిపించాడు. ఆమె ముసుగు కిందికి లాక్కుని గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాకు సెవుడు బాబూ. నాకేటీ వినబడదు," అంది. అడిగిన ప్రశ్న ఏమిటో ఎవరూ తెలుగులో చెప్పకముందే అంది. అటక మీద ఎలుక కదిలితే లేచి కూర్చునే మనిషి ఆమె.

దేశ్‌పాండే నావైపు తిరిగాడు. "ఇంతకు ముందు రోజులన్నీ చూసింది మీరేనా?"

"నేనే."

"కంపెనీ మీకేమైనా ఇచ్చేదా?"

మా ఆయన, ఇంటి ఆడదానికి జీతమేమిటన్నట్టు చిన్నగా నవ్వి, "ఘర్ కీ ఔరత్ హై సాహబ్," అన్నారు. ఆ గదిలో ఇంకెవరూ నవ్వలేదు. అంతా తేలేదాకా మా ఆయన సెట్టు ముట్టుకోవద్దని, నాగపూర్ నుంచి వేరే మనిషి వస్తాడని చెప్పి దేశ్‌పాండే లేచాడు. వెళ్తూ నాకు నమస్కారం చేశాడు. ఎవరైనా చూశారా అని నేను వెనక్కి చూశాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం మా ఆయన సైకిలు తీసుకుని సూర్యారావు దగ్గరికి వెళ్లారు. చొక్కా వేసుకుంటూ బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకున్నారు. చెప్పబోయి ఊరుకున్నాను.

అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పొయ్యి వెలిగిస్తున్నాను. కట్టె అంటుకుంది. తర్వాత ఆమె చేట కింద పెట్టింది.

"ఇన్నాళ్లూ తిండి పెట్టినోడి నోట్లో మట్టి కొట్టావు," అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఒక్క మాట. ఊఁ అంటే పోయేది. నా కొడుకు కోసం నాను అంతమంది ముందు సెవిటిదాన్నయ్యాను. నువ్వొక్క అబద్దం ఆడలేపోయావు. పిల్లల్ని కన్నదానికైతే తెలిసేది మొగుడి పరువేటో. గొడ్డుదానికేటి తెలుస్తాది."

ఆ మాట నాకు కొత్త కాదు. కొత్తగా ఉన్నది, దానికి బదులు చెప్పొచ్చన్న ఊహ. పొద్దున ముందు గదిలో ఒకసారి చెప్పాను. భూమి బద్దలు కాలేదు. ఒకాయన నమస్కారం చేశాడు, అంతే.

నేను పొయ్యిలో కట్టె సర్ది, లేచి, పీట తెచ్చి ఆమె ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"నీ కొడుకు కోసం అబద్ధం నేనూ ఆడానత్తా," అన్నాను. "నువ్వు ఇవాళ ఒక్కరోజు ఆడావు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆడుతూనే ఉన్నాను. నీకు చెవుడు లేదు కదా, ఆ డాక్టరమ్మ ఏమందో చెబుతాను, విను."